3061 దగ్గర రెండు గుబ్బలు: ప్రొటీన్ రెండు ఆకారాల్లో ఉన్నట్టేనా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. ఆవుపాల బీటా-లాక్టోగ్లోబ్యులిన్‌ని పరీక్ష ప్రొటీన్‌గా తీసుకుని, 200 మిల్లీమోలార్ అమోనియం అసిటేట్‌లో సినాప్ట్ జి2-ఎస్ఐ (అయాన్ మొబిలిటీ ఉన్న మాస్ స్పెక్ట్రోమీటర్) మీద నేటివ్ పద్ధతిలో, అంటే ప్రొటీన్ సహజ ఆకారం చెడకుండా, నడిపారు. ఎమ్/జెడ్ (బరువుని ఛార్జీతో భాగించిన విలువ) 3061 దగ్గరి పీక్‌కి డ్రిఫ్ట్ టైమ్ (గ్యాస్ నిండిన మొబిలిటీ సెల్ దాటడానికి అయాన్‌కి పట్టే సమయం) గీస్తే రెండు గుబ్బలు కనిపించాయి. కోన్ వోల్టేజి (అయాన్లు మెషీన్‌లోకి దూరే చోటి వోల్టేజి) 40 నుంచి 120కి పెంచితే వెనకాల వచ్చే గుబ్బ పెరుగుతోంది. ముందుది ముడుచుకున్న రూపం, వెనకది విప్పుకున్న రూపం అనుకోవచ్చా? వీటికి కొలిజన్ క్రాస్ సెక్షన్ (సి.సి.ఎస్., అంటే గ్యాస్‌కి అయాన్ ఎదురుపెట్టే సగటు విస్తీర్ణం) ఎలా కట్టాలి? ఆపైన లైగాండ్‌తో (ప్రొటీన్‌కి అతుక్కునే చిన్న అణువుతో), లైగాండ్ లేకుండా అన్‌ఫోల్డింగ్ ప్రయోగం (సి.ఐ.యు., అంటే గ్యాస్‌తో గుద్దించి ప్రొటీన్‌ని విప్పడం) చేసి పోల్చాలంటే ఎలా?

ముందు మొదటిదానికి జవాబు: అలా అనుకోవద్దు. అవి ఒకే అయాన్‌కి రెండు ఆకారాలు కాకపోవచ్చు, అసలు రెండు వేరే అయాన్లే అయి ఉండవచ్చు. ఈ ప్రొటీన్ విషయంలో ఆ అనుమానమే బలమైనది. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

బీటా-లాక్టోగ్లోబ్యులిన్ మోనోమర్ (ఒంటరి అణువు) 18.3 కిలోడాల్టన్లు. తటస్థ పి.హెచ్. దగ్గర మైక్రోమోలార్ గాఢతల్లో మోనోమర్, డైమర్ (రెండు మోనోమర్ల జంట) రెండూ కలిసే ఉంటాయి. మోనోమర్‌కి 6 ఛార్జీలు ఉన్నా, డైమర్‌కి 12 ఛార్జీలు ఉన్నా ఎమ్/జెడ్ ఒక్కటే. బరువూ రెట్టింపే, ఛార్జీ రెట్టింపే కాబట్టి మాస్ స్పెక్ట్రమ్‌లో రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. వాటిని విడదీసేది మొబిలిటీ ఒక్కటే. మీ తెర మీద విడిపోయి కనిపిస్తున్నది బహుశా అదే.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. డైమర్ పెద్దది కదా, వెనకాల రావాలి కదా అనిపిస్తుంది. కానీ ముందు వచ్చేది డైమరే. గుండ్రటి ప్రొటీన్‌కి సి.సి.ఎస్. బరువుకి మూడింట రెండో ఘాతంగా పెరుగుతుంది. బరువు రెట్టింపైతే సి.సి.ఎస్. సుమారు 1.59 రెట్లు అవుతుంది. ఛార్జీ మాత్రం పూర్తిగా రెట్టింపు. అయాన్‌ని ముందుకు తోసేది ఛార్జీ, వెనక్కి పట్టేది సి.సి.ఎస్. కాబట్టి చూడాల్సింది రెండింటి నిష్పత్తి. హీలియం సి.సి.ఎస్. అంచనాకి చదరపు ఆంగ్‌స్ట్రామ్‌లలో 2.4 నుంచి 2.5 వరకు గుణకం తీసుకుని, డాల్టన్లలో బరువుని మూడింట రెండో ఘాతానికి ఎత్తి గుణిస్తే చాలు. మోనోమర్‌కి 1,670 నుంచి 1,740, డైమర్‌కి 2,650 నుంచి 2,760 వస్తుంది. మధ్య విలువల్ని ఛార్జీతో భాగిస్తే మోనోమర్ 6+కి 284, డైమర్ 12+కి 225. తక్కువ నిష్పత్తి ఉన్నది ముందు చేరుతుంది. అంటే మీరు 'ముడుచుకున్న రూపం' అంటున్న ముందు గుబ్బ డైమర్ 12+, 'విప్పుకున్న రూపం' అంటున్న వెనక గుబ్బ మోనోమర్ 6+ కావడానికే ఎక్కువ అవకాశం.

మరి కోన్ వోల్టేజి పెంచితే వెనకది ఎందుకు పెరుగుతోంది? సోర్స్‌లో (అయాన్లు పుట్టే చోట) గుద్దుకోవడాలు గట్టిపడి డైమర్లు రెండుగా విడిపోతున్నాయి. 13+ డైమర్ విడిపోతే ఒక ముక్కకి 7, ఇంకో ముక్కకి 6 ఛార్జీలు రావచ్చు. ఆ 6+ ముక్క మళ్లీ 3061 దగ్గరికే వచ్చి కూర్చుంటుంది. చూసేవాళ్లకి అన్‌ఫోల్డింగ్ లాగే ఉంటుంది, లోపల జరిగేది విడాకులు. వోల్టేజితో పాటు గుబ్బ పెరిగిందన్న ఒక్క సాక్ష్యంతో ఆకారం మారిందని రాసేయకూడదనేది అందుకే.

దీన్ని తేల్చడానికి మూడు దారులున్నాయి. మూడూ చేయండి, అరపూట పని.

మొదటిది, బేసి ఛార్జీలు చూడండి. డైమర్ 11+ పీక్ 3340 దగ్గర, 13+ పీక్ 2826 దగ్గర వస్తాయి. మోనోమర్ ఏ ఛార్జీతోనూ ఆ చోట్లకి రాలేదు (అరఛార్జీ ఉండదు కదా). అదే వోల్టేజి దగ్గర 11+, 13+ రెండింటికీ ఒకే గుబ్బ ఉండి, 12+ దగ్గర మాత్రమే రెండుంటే, వెనకది మోనోమర్. మూడింటికీ రెండో గుబ్బ ఉంటే అప్పుడు ఆకారం గురించి మాట్లాడుకోవచ్చు.

రెండోది, గాఢత తగ్గించండి. 20, 10, 5, 2 మైక్రోమోలార్ దగ్గర, వోల్టేజిలేవీ కదపకుండా నడపండి. పలుచన చేసేకొద్దీ ముందు గుబ్బ తగ్గి వెనకది నిలబడితే అది మోనోమర్-డైమర్ సమతౌల్యం. ఒకే అణువుకి రెండు ఆకారాలైతే వాటి నిష్పత్తి గాఢతతో ఇలా మారదు.

మూడోది ఈ ప్రొటీన్‌కే ప్రత్యేకమైన సౌకర్యం. దుకాణంలో దొరికే బీటా-లాక్టోగ్లోబ్యులిన్ సాధారణంగా ఎ, బి అనే రెండు రకాల మిశ్రమం: ఎ బరువు 18,363, బి బరువు 18,277 డాల్టన్లు. 6+ మోనోమర్లు 3061.5, 3047.2 దగ్గర వస్తాయి. 12+ డైమర్లయితే ఎ-ఎ 3061.5, బి-బి 3047.2, వీటికి తోడు సరిగ్గా మధ్యలో 3054.3 దగ్గర ఎ-బి. ఆ నడిమి పీక్ మోనోమర్‌కి సాధ్యం కాదు. దాని డ్రిఫ్ట్ టైమ్ విడిగా గీయండి. ముందు గుబ్బ ఒక్కటే కనిపిస్తే విషయం తేలిపోయినట్టే.

కానీ ఆ పీక్‌ని నమ్మాలంటే శాంపిల్‌లో ఉప్పు ఉండకూడదు. సోడియం ఒక ప్రోటాన్ స్థానంలో కూర్చుంటే 22 డాల్టన్లు పెరుగుతాయి, 6+ మీద అది 3.67. బి మోనోమర్‌కి రెండు సోడియంలు అంటుకుంటే 3054.5 అవుతుంది. ఎ-బి డైమర్‌ది 3054.3. నేటివ్ పీక్‌ల వెడల్పులో ఈ 0.2 తేడా కళ్లకి ఆనదు. అంటే ఉప్పు సరిగ్గా పోగొట్టని శాంపిల్‌లో మీ బలమైన సాక్ష్యమే అబద్ధం చెబుతుంది. పాలపొడి తయారీలో వేడికి లాక్టోజ్ అంటుకున్న రూపం కూడా (324 డాల్టన్లు ఎక్కువ) కొన్ని బ్యాచ్‌లలో కనిపిస్తుంది. దాన్ని చూసి కొత్త లైగాండ్ అనుకోవద్దు.

ఉప్పు సంగతి

ఈ పనిలో సగం గొడవలు మెషీన్‌లో ఉండవు, ట్యూబులోనే ఉంటాయి. అమోనియం అసిటేట్ 200 మిల్లీమోలార్ అంటే 100 మిల్లీలీటర్లకి 1.54 గ్రాములు. ఈ అసిటేట్ తేమ పీల్చుకుంటుంది, కాబట్టి సీసా మూత తెరిచి వదిలేయకండి. ద్రావణాన్ని గాజు సీసాలో కాకుండా ప్లాస్టిక్ సీసాలో పెట్టండి, గాజు నుంచి సోడియం నెమ్మదిగా దిగుతుంది. పి.హెచ్. మీటర్ ఎలక్ట్రోడ్‌ని సీసాలో ముంచొద్దు, అందులోంచి పొటాషియం క్లోరైడ్ కారుతుంది. కొంచెం వేరే ట్యూబులోకి తీసి చూసి పారబోయండి.

అందరం దాన్ని బఫర్ అనే పిలుస్తాం గానీ, పి.హెచ్. 7 దగ్గర అమోనియం అసిటేట్ బఫర్ పని చేయదు. అసిటిక్ ఆమ్లం పి.కె.ఎ. 4.75, అమోనియం అయాన్‌ది 9.25. ఏడు ఆ రెండింటికీ దూరం. పాజిటివ్ మోడ్‌లో స్ప్రే అవుతుండగా బిందువులు ఆమ్లం వైపు జారతాయి. పి.హెచ్. 5 దగ్గరే విడిపోయే కాంప్లెక్స్ మీదైతే ఈ సంగతి గుర్తుపెట్టుకుని ఫలితం చదవండి.

బఫర్ మార్చడానికి రెండు మార్గాలు. చిన్న మొత్తాలకి బయో-రాడ్ వాళ్ల మైక్రో బయో-స్పిన్ పి-6 కాలమ్‌లు సుఖం. కాలమ్‌లోని సొంత బఫర్ దింపేసి, 500 మైక్రోలీటర్ల అమోనియం అసిటేట్‌తో నాలుగు సార్లు కడిగి (1,000 జి, నిమిషం చొప్పున), చివర్లో 20 నుంచి 75 మైక్రోలీటర్ల ప్రొటీన్ పోసి నాలుగు నిమిషాలు తిప్పండి. శాంపిల్ జెల్ నడిమధ్యలో పడాలి. గోడ వెంట జారితే జెల్‌ని తప్పించుకుని ఉప్పుతో సహా కిందికి దిగుతుంది. ఒక్కసారితో సరిపెట్టకుండా రెండో కాలమ్ కూడా వాడండి.

రెండో మార్గం 10 కిలోడాల్టన్ల అమికాన్ ఫిల్టర్. దీని లెక్క తెలిస్తే ఎన్నిసార్లు తిప్పాలో మీకే తెలుస్తుంది. పి.బి.ఎస్.లో (మామూలు ఫాస్ఫేట్ బఫర్‌లో) సోడియం క్లోరైడ్ 137 మిల్లీమోలార్. ప్రతిసారీ పదింతలు పలుచన చేసి మళ్లీ చిక్కబరిస్తే, నాలుగు సార్లకి 13.7 మైక్రోమోలార్ మిగులుతుంది. మీ ప్రొటీన్ 10 మైక్రోమోలార్. అంటే ఇంకా ప్రొటీన్ అణువుకి ఒక సోడియం పైనే ఉంది, బిందువు ఆరిపోతూ దాన్ని ఇంకా దగ్గరికి చేరుస్తుంది. ఆరు సార్లకి 0.14 మైక్రోమోలార్. కాబట్టి ఆరు సార్లు. ఫిల్టర్ పొరలో కొద్దిగా గ్లిజరాల్ (గ్లిజరిన్) ఉంటుంది, వాడేముందు అమోనియం అసిటేట్‌తో ఒకటి రెండు సార్లు కడిగేయండి. శాంపిల్‌లో మీరు కలిపిన గ్లిజరాల్ ఉంటే దానికీ ఇదే మందు. గ్లిజరాల్ ఆవిరి కాదు, స్ప్రేని జిగటగా చేసి పీక్‌లని కొండల్లా మారుస్తుంది.

చివర్లో గాఢత మళ్లీ కొలవండి, బఫర్ మార్చేటప్పుడు ప్రొటీన్ పోతుంది. బీటా-లాక్టోగ్లోబ్యులిన్‌కి 280 నానోమీటర్ల దగ్గర మోలార్ శోషణ గుణకం 17,600. 10 మైక్రోమోలార్ అయితే 1 సెంటీమీటర్ క్యూవెట్‌లో 0.176 రావాలి. ఇక్కడ గాఢత అంటే మోనోమర్ లెక్కన. 20 మైక్రోమోలార్ దాటితే ఒకే బిందువులో ఇద్దరు అనుకోకుండా చిక్కుకుని, ద్రావణంలో లేని డైమర్లు పుట్టుకొస్తాయి.

స్ప్రే, వోల్టేజిలు

బోరోసిలికేట్ కేపిల్లరీలో 3 నుంచి 5 మైక్రోలీటర్లు జెల్ లోడింగ్ టిప్‌తో పోయండి. కొనలో గాలిబుడగ ఉంటే చేత్తో విదిలించి దింపండి. బంగారు పూత కేపిల్లరీ అయినా, లోపల ప్లాటినం తీగ పెట్టినా పని ఒకటే. కొనని ట్వీజర్స్‌తో తుంచేటప్పుడు ఎక్కువ తుంచకూడదు. రంధ్రం పెద్దదైతే బిందువు పెద్దది, బిందువు పెద్దదైతే అందులో ఉప్పు ఎక్కువ. 0.8 కిలోవోల్టులతో మొదలుపెట్టి, సిగ్నల్ నిలబడేవరకు మాత్రమే పెంచండి. మామూలుగా 1.0 నుంచి 1.2 మధ్య ఆగుతుంది. 1.5 దాటించాల్సి వస్తోందంటే కొన మూసుకుపోయినట్టు, వోల్టేజి పెంచకుండా కేపిల్లరీ మార్చండి.

మొదటి రన్‌కి ఈ అంకెలతో బయల్దేరండి: సోర్స్ ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, శాంప్లింగ్ కోన్ 20 నుంచి 40, ట్రాప్ (మొబిలిటీ సెల్‌కి ముందున్న గది) కొలిజన్ 4 లేదా 5 వోల్టులు, ట్రాన్స్‌ఫర్ (సెల్ తర్వాతి గది) కొలిజన్ 2 నుంచి 5, హీలియం సెల్ నిమిషానికి 180 మిల్లీలీటర్లు, మొబిలిటీ సెల్‌లో నైట్రోజన్ 90, సెల్‌లో అయాన్లని ముందుకు నెట్టే వేవ్ ఎత్తు 40 వోల్టులు, వేగం సెకనుకి 500 నుంచి 700 మీటర్లు. ట్రాప్ బయాస్ 35 నుంచి 45 మధ్య.

వీటన్నిటిలో ఎక్కువ మోసం చేసేది ఆ ట్రాప్ బయాస్. కోన్, కొలిజన్ వోల్టేజిల మీద అందరికీ కన్నుంటుంది. బయాస్‌ని మాత్రం 'అది ఫ్యాక్టరీ సెట్టింగు' అని వదిలేస్తారు. ట్రాప్ నుంచి ఎక్కువ ఒత్తిడి ఉన్న మొబిలిటీ సెల్‌లోకి అయాన్‌ని నెట్టేది అదే. ఎక్కువైతే, నైట్రోజన్‌లోకి దూకుతున్నప్పుడే అయాన్ వేడెక్కి విప్పుకుంటుంది. మీరు కొలిజన్ ఎనర్జీ సున్నా పెట్టినా లాభం ఉండదు. తక్కువైతే సిగ్నల్ పడిపోతుంది. సిగ్నల్ సగానికి తగ్గినా పర్వాలేదనుకుని, గుబ్బ సన్నగా ఒంటిగా ఉన్నంతవరకు దించండి. ముందున్న హీలియం సెల్ అయాన్‌ని మెత్తగా లోపలికి దింపడానికే ఉంది. హీలియం సిలిండర్ అయిపోవస్తుంటే ఆ రోజు డ్రిఫ్ట్ టైమ్‌లు నమ్మొద్దు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూసినట్టు, మెషీన్ మెత్తగా ఉందో లేదో యుబిక్విటిన్‌తో చూడవచ్చు. బరువు 8,565 డాల్టన్లు. నేటివ్ స్థితిలో 6+ పీక్ 1428.5 దగ్గర, 7+ పీక్ 1224.6 దగ్గర. 6+ ఒకే సన్నని గుబ్బగా రావాలి. 7+ చాలా సున్నితం, కాస్త వేడి తగిలినా వెనకాల రెండో గుబ్బ మొలుస్తుంది. బయాస్‌ని 2 వోల్టుల చొప్పున దించుతూ 7+ని చూస్తూ పోండి. అది ఎక్కడ కుదుటపడిందో అక్కడ మీ ప్రొటీన్ నడపండి. ఈ పరీక్షకి పట్టేది పావుగంట.

ఇంకో గుర్తు పెట్టుకోవాల్సిన తేడా. డైమర్ మొబిలిటీ సెల్‌కి ముందు విడిపోతే, మోనోమర్ తన సొంత డ్రిఫ్ట్ టైమ్‌తో వస్తుంది. సెల్ దాటాక, ట్రాన్స్‌ఫర్‌లో విడిపోతే, ముక్క మోనోమర్‌దే అయినా డ్రిఫ్ట్ టైమ్ డైమర్‌ది. అందుకని ఎమ్/జెడ్‌నీ డ్రిఫ్ట్ టైమ్‌నీ కలిపి రెండు దిక్కుల పటంగా చూడండి. 7+ మోనోమర్ (2624) దగ్గర డైమర్ల డ్రిఫ్ట్ టైమ్‌లో నిలువు గీత కనిపిస్తే, ట్రాన్స్‌ఫర్ వోల్టేజి ఎక్కువైందని అర్థం.

సి.సి.ఎస్. కట్టడం

సినాప్ట్‌లో ఉన్నది ట్రావెలింగ్ వేవ్. డ్రిఫ్ట్ టైమ్ నుంచి నేరుగా సి.సి.ఎస్. రాదు, తెలిసిన ప్రొటీన్లతో క్యాలిబ్రేషన్ తప్పదు. ఏజిలెంట్ 6560 లాంటి డ్రిఫ్ట్ ట్యూబ్ ఉంటే, ట్యూబు వోల్టేజిని అయిదారు విలువల దగ్గర మార్చి, రాక సమయాన్ని వోల్టేజి విలోమానికి ఎదురుగా గీసి, వాలు నుంచి నేరుగా లెక్కకట్టవచ్చు. మీకు ఆ సదుపాయం లేదు కాబట్టి క్యాలిబ్రేషన్ దారి.

2008లో రోటోలో, రాబిన్సన్ బృందం ప్రచురించిన పద్ధతినే ఇప్పటికీ చాలా ల్యాబుల్లో వాడుతున్నారు. మెట్లు ఇవి. కొలిచిన డ్రిఫ్ట్ టైమ్‌లోంచి, సెల్ దాటాక డిటెక్టర్ చేరడానికి పట్టిన సమయం తీసేయాలి. ఇ.డి.సి. డిలే కోఎఫిషియెంట్‌ని (మీ మెషీన్ సెట్టింగుల్లో ఉంటుంది, సుమారు 1.4 నుంచి 1.6) ఎమ్/జెడ్ వర్గమూలంతో గుణించి, 1000తో భాగిస్తే మిల్లీసెకన్లలో వస్తుంది. 3061కి వర్గమూలం 55.3, కోఎఫిషియెంట్ 1.5 అయితే తీసేయాల్సింది 0.083 మిల్లీసెకన్లు. తర్వాత క్యాలిబ్రెంట్ల సి.సి.ఎస్.ని ఛార్జీతోనూ, అయాన్-నైట్రోజన్ బరువుల విలోమాల మొత్తపు వర్గమూలంతోనూ భాగించాలి. ఈ రెండు విలువల లాగరిథమ్‌లు ఒకదానికొకటి ఎదురుగా గీస్తే సరళరేఖ రావాలి. సహసంబంధపు వర్గం, అంటే ఆర్-స్క్వేర్, 0.98కి తగ్గితే రేఖని వాడొద్దు, ఏ చుక్క పక్కకి పోయిందో వెతకండి. తరచుగా అది వేడెక్కి విప్పుకున్న క్యాలిబ్రెంట్ అయి ఉంటుంది.

క్యాలిబ్రెంట్ల ఎంపికలో ఒకటే సూత్రం: నేటివ్ ప్రొటీన్‌కి నేటివ్ ప్రొటీన్లే. యాసిడ్‌లో విప్పిన సైటోక్రోమ్-సి, మయోగ్లోబిన్‌ల అయాన్లకి ఛార్జీ ఎక్కువ, కదలిక వేరు. వాటితో గీసిన రేఖ మీద నేటివ్ డైమర్‌ని పెడితే తప్పు వస్తుంది. 2010లో బుష్, సహచరులు నేటివ్ ప్రొటీన్లకి హీలియంలోనూ నైట్రోజన్‌లోనూ విలువలు ప్రచురించారు. సైటోక్రోమ్-సి (12 కిలోడాల్టన్లు), ట్రాన్స్‌థైరెటిన్ (56), అవిడిన్ (64), ఆవు సీరమ్ ఆల్బుమిన్ (66), కాన్‌కనవాలిన్-ఎ (103) అందులో ఉన్నాయి. మీ డైమర్ 37 కాబట్టి కిందా పైనా రెండు వైపులా ఆనుకునేలా మొదటి నాలుగూ చాలు. తమాషా ఏమిటంటే బీటా-లాక్టోగ్లోబ్యులిన్ మోనోమర్, డైమర్ రెండూ అదే జాబితాలో ఉన్నాయి. వాటిని రేఖ గీయడానికి వాడకండి, బయట పెట్టి రేఖని పరీక్షించడానికి వాడండి. మీ లెక్క జాబితా విలువకి 3 శాతం లోపల పడితే, మీ సొంత ప్రొటీన్‌కి వెళ్లవచ్చు.

క్యాలిబ్రెంట్ల రన్‌కీ శాంపిల్ రన్‌కీ మధ్య మొబిలిటీ సెల్ నుంచి డిటెక్టర్ దాకా ఒక్క సెట్టింగు కూడా మారకూడదు. గ్యాస్ ప్రవాహం, వేవ్ ఎత్తు, వేగం, ట్రాన్స్‌ఫర్ వేగం, ఎమ్/జెడ్ రేంజి కూడా. రేంజి మారితే పుషర్ (అయాన్లని డిటెక్టర్ వైపు తన్నే భాగం) విరామం మారుతుంది. డ్రిఫ్ట్ టైమ్‌ని 200 గళ్లుగా నమోదు చేసేది దాన్నిబట్టే. విరామం 100 మైక్రోసెకన్లు అయితే మొత్తం కిటికీ 20 మిల్లీసెకన్లు. అంతకంటే నెమ్మదిగా వచ్చే అయాన్ తర్వాతి చక్రంలో మొదట్లో ప్రత్యక్షమై, అతి చిన్న అణువులా నటిస్తుంది.

ఇంకొకటి: ఏ గ్యాస్ విలువ అన్నది రాయకుండా సి.సి.ఎస్. రాయకండి. అదే ఆల్బుమిన్ 15+ హీలియంలో సుమారు 41 చదరపు నానోమీటర్లు, నైట్రోజన్‌లో 45 దగ్గర. ఈ పది శాతం తేడాని ఆకారంలో మార్పు అనుకుని చర్చించిన వాళ్లున్నారు. మీరు నైట్రోజన్‌లో కొలిచి హీలియం విలువలతో క్యాలిబ్రేట్ చేస్తే ఆ సంగతి స్పష్టంగా రాయాలి.

క్రిస్టల్ నిర్మాణంతో పోల్చేటప్పుడు, ఇంపాక్ట్ లాంటి ప్రోగ్రామ్ ఇచ్చే ప్రొజెక్షన్ విలువ నీడ మాత్రమే కొలుస్తుంది, గుంటల్లో గ్యాస్ అణువులు పదేపదే తగలడాన్ని పట్టించుకోదు. అందుకే దాన్ని 1.14తో గుణించే వాడుక ఉంది. పి.డి.బి. ఫైలులో (నిర్మాణం ఉన్న ఫైలులో) కనిపించని అమైనో ఆమ్ల అవశేషాలుంటే, అసలు బరువుని ఫైలు బరువుతో భాగించి మూడింట రెండో ఘాతంతో సరిదిద్దాలి. కొనల్లో హిస్టిడిన్ ట్యాగ్ ఉండి ఫైలులో లేకపోతే ఇది తప్పనిసరి. ఇంతా చేసి 2, 3 శాతం తేడా వస్తే దానికి అర్థం వెతకొద్దు, అది పద్ధతి హద్దు.

అసలు నీళ్లు పోయాక ప్రొటీన్ ఆకారం నిలుస్తుందా అన్న అనుమానం న్యాయమైనదే. పదకొండు ఉపభాగాల ఉంగరంలాంటి ట్రాప్ అనే (మెషీన్‌లోని ట్రాప్ కాదు) ఆర్.ఎన్.ఎ. బంధక ప్రొటీన్ కాంప్లెక్స్ వాయుస్థితిలోనూ ఉంగరంగానే ఉండగలదని 2005లో మొబిలిటీతోనే చూపించారు. కానీ అన్నీ అంత గట్టివి కావు. యాంటీబాడీలకి మధ్యలో మెత్తని కీలు ఉంటుంది, గాలిలో చేతులు ముడుచుకుని నిర్మాణం నుంచి లెక్కించినదానికంటే బాగా చిన్న సి.సి.ఎస్. చూపిస్తాయి. 2007లో డాక్టర్ రెడ్డీస్ రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ మందుకి బయోసిమిలర్ (దగ్గరి నకలు) తెచ్చినప్పటి నుంచి హైదరాబాద్‌లో యాంటీబాడీ పని పెరిగింది కాబట్టి ఈ మాట ఇక్కడ పనికొస్తుంది: యాంటీబాడీకి సి.సి.ఎస్. అంకె ఒక్కటే పెట్టి రెండు బ్యాచ్‌లు ఒకటేనని చెప్పలేం. ముడుచుకుపోయాక రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా పట్టాలంటే వాటిని విప్పి చూడాలి. మీ మూడో ప్రశ్న దగ్గరికి అలా వస్తాం.

అన్‌ఫోల్డింగ్ ప్రయోగం

ఒక ఛార్జీ స్థితిని క్వాడ్రుపోల్‌తో (ఎమ్/జెడ్‌ని బట్టి అయాన్లని వడపోసే భాగంతో) ఎంచుకుని, ట్రాప్ కొలిజన్ వోల్టేజిని 5 వోల్టుల మెట్లతో పెంచుతూ ప్రతి మెట్టులో డ్రిఫ్ట్ టైమ్ నమోదు చేయడమే సి.ఐ.యు. మీరు 12+ ఎంచొద్దు. కారణం పైన చెప్పినదే, మోనోమర్ కూడా లోపలికి దూరుతుంది. 11+ తీసుకోండి. ఎ-ఎ 3339.7, ఎ-బి 3331.9, బి-బి 3324.1, మూడూ పట్టేలా కిటికీ వెడల్పుగా పెట్టండి. మరీ బిగిస్తే సిగ్నల్ పోతుంది, క్వాడ్రుపోల్ ఆ ఎత్తులో అంత నిక్కచ్చిగా ఎంచలేదు. మీ క్వాడ్రుపోల్ 4,000 వరకే ఎంచగలిగే రకమైతే ఈ డైమర్ అందుతుంది గానీ, తర్వాత ఆల్బుమిన్‌తో పోల్చుకుందామనుకుంటే దాని 15+ పీక్ 4,430 దగ్గర ఉంటుంది, అందదు.

ఒక్కో మెట్టుకి 30 సెకన్ల నుంచి నిమిషం చాలు. 5 నుంచి 100 వరకు ఇరవై మెట్లు, ఒకే కేపిల్లరీతో పూర్తయితే మంచిది. ఈ డైమర్ చిన్నది కాబట్టి, విప్పుకోవడం పూర్తవకముందే విడిపోవడం మొదలవుతుంది. ప్రతి మెట్టులోనూ మాస్ స్పెక్ట్రమ్ చూసి, 11+ తీవ్రత ఎక్కడ మొదటిదాంట్లో పదో వంతుకి పడిపోయిందో అక్కడ పటాన్ని కత్తిరించేయండి. ఆపైన కనిపించే గుబ్బలు సిగ్నల్‌లోని నాయిస్ నుంచి పుట్టినవి. సాఫ్ట్‌వేర్ ప్రతి మెట్టునీ దాని గరిష్ఠానికి సరిచేసి చూపిస్తుంది కాబట్టి, మిగిలిన పిసరంత సిగ్నల్ కూడా పండగలా వెలుగుతుంది.

వేర్వేరు ఛార్జీలను పోల్చాలంటే వోల్టేజిని ఛార్జీతో గుణించి ఎలక్ట్రాన్ వోల్టులలో రాయాలి. 11+ మీద 40 వోల్టులు అంటే 440. కానీ లైగాండ్ ఉన్నదీ లేనిదీ పోల్చేటప్పుడు ఛార్జీ కూడా ఒక్కటే ఉంచండి, గుణకారంతో ఆ తేడా పూర్తిగా పోదు. లైగాండ్ వచ్చాక ఛార్జీ స్థితులు కొంచెం కిందికో పైకో జరిగితే, రెండింటిలోనూ ఉన్న ఛార్జీని వెతుక్కుని అదే వాడండి. లైగాండ్‌ని డి.ఎం.ఎస్.ఓ. అనే ద్రావకంలో కరిగిస్తే మొత్తంలో 1 శాతం దాటనివ్వకండి, లైగాండ్ లేని శాంపిల్‌లోనూ అంతే డి.ఎం.ఎస్.ఓ. పోయండి. అది ఒంటరిగానే ఛార్జీలు మార్చగలదు.

బీటా-లాక్టోగ్లోబ్యులిన్‌తో లైగాండ్ అంటే చాలామంది రెటినాల్‌నో పామిటిక్ ఆమ్లాన్నో పట్టుకుంటారు. వాటిని ఎక్కువగా పట్టి ఉంచేది నీళ్లకి దూరంగా ఉండే ఆకర్షణ, అది వాయుస్థితిలో బలహీనపడుతుంది. కాబట్టి లైగాండ్ తక్కువ వోల్టేజికే ఊడిపోయి, అక్కడి నుంచి రెండు పటాలూ ఒకటైపోతే, ద్రావణంలో అతుక్కోలేదని కాదు అర్థం. పటం గీసేటప్పుడు లైగాండ్ ఇంకా అంటుకుని ఉన్న పీక్‌ని మాత్రమే తీసుకోండి.

విశ్లేషణకి మిషిగన్ విశ్వవిద్యాలయంలో రోటోలో బృందం తయారుచేసిన సి.ఐ.యు.సూట్ 2 సరిపోతుంది. ప్రతి స్థితిని మూడుసార్లు, వీలైతే వేర్వేరు రోజుల్లో, కొత్త కేపిల్లరీలతో నడపండి. ముందు ఒకే స్థితి మూడు పటాల మధ్య తేడా (ఆర్.ఎం.ఎస్.డి.) ఎంతో చూడండి. లైగాండ్ ఉన్నదానికీ లేనిదానికీ మధ్య తేడా దానికంటే స్పష్టంగా ఎక్కువ ఉంటేనే మాట్లాడండి. సగం విప్పుకున్న వోల్టేజి లైగాండ్‌తో 3 వోల్టులు పెరిగిందని వస్తే, మీ మెట్టే 5 వోల్టులని గుర్తుంచుకుని, ఆ ప్రాంతంలో 2 వోల్టుల మెట్లతో మళ్లీ నడపండి.